చాపలు పరిచిన అక్కయ్యకు...

మీ పక్కింటివాళ్లు ఊరు మారిపోతుంటే మీరేం చేస్తారు? ఓ పూట భోజనానికి పిలుస్తారు. పసుపు, కుంకుమ, రవికె గుడ్డ పెట్టి పంపిస్తారు. మేమూ అంతే. శ్రీహరికోట క్వార్టర్సులో ఉండేవాళ్లకు ఇది అలవాటైన పని. ఇంటాయనకు అరవై నిండితే ఉద్యోగ విరమణ, ఆ తర్వాత సామాను లారీకెక్కడం. చలికాలానికి పులికాట్ సరస్సుకొచ్చి ఎండలు ముదిరేసరికి ఎగిరిపోయే ఫ్లెమింగోలకీ మాకూ పెద్ద తేడా లేదు.

కానీ మొన్న మా వీధి చివరి అక్కయ్య వెళ్తుంటే రవికె గుడ్డతో సరిపెట్టడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు. ఆవిడ పేరు రాయను. "పేరు వేసినావంటే నీతో మాట్లాడను మే" అని ముందే ఒట్టు వేయించుకుంది.

ఆవిడ చేసిందల్లా ఒకటే. పదకొండేళ్లపాటు ప్రతి నెలా మొదటి, మూడో శనివారాల్లో మధ్యాహ్నం మూడింటికి తన వరండాలో రెండు చాపలు పరిచింది. మేం వెళ్లి, రాసుకున్న కవితలు చదువుకునేవాళ్లం. "కవితలా, మనమా!" అని నవ్వకండి. నేనూ అలాగే నవ్వాను. ఇంటర్‌తో చదువాపినదాన్ని, కవిత్వమంటే ఎమ్.ఏ. తెలుగు వాళ్ల వ్యవహారమనుకునేదాన్ని. "పాల లెక్క రాస్తావు గదా, ఆ పుస్తకంలోనే వెనకనుంచి రాయి" అంది అక్కయ్య. నా మొదటి కవిత ఇప్పటికీ పాల లెక్క పుస్తకంలోనే ఉంది.

ఆవిడ పద్ధతులు కొన్ని చెప్తాను, మీకూ పనికొస్తాయేమో. ప్రతి కవితా రెండుసార్లు చదవాలి. విన్నవాళ్లు ఊరికే "బాగుంది" అనకూడదు, ఏ మాట మనసుకు పట్టిందో ఆ మాట చెప్పాలి. రాయనివాళ్లు కూడా రావచ్చు, వినేవాళ్లే లేకపోతే చదివి ఏం లాభం? ఇక పలహారాలు ఒకరిని మించి ఒకరు చేయకూడదు, ఉడకబెట్టిన చెనక్కాయలే. (లేకపోతే అది కవిత్వం మాని వంటల పోటీ అయ్యేది, మన సంగతి మనకు తెలియదా!) చదివిన ప్రతి కవితనూ తేదీ వేసి తన నోటుబుక్కులో ఎక్కించేది.

టైము లేదన్నామంటే తరిగొండ వెంగమాంబ కథ ఎత్తుకునేది. అక్కయ్యది వాయల్పాడు వైపు, తరిగొండ అక్కడికి దగ్గరే. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, ఊరివాళ్ల మాటలు పడి, తిరుమల చేరి, ఒక చేత్తో కావ్యాలు రాస్తూ ఇంకో చేత్తో యాత్రికులకు అన్నం పెట్టిన తల్లి. ఈనాడు తిరుమలలో మనం భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే. "ఆమెకు దొరికిన టైము నీకు దొరకలేదా?" అంటే ఇక నోరెత్తేదెవరు!

2019 సెప్టెంబరు 7 నాకు బాగా గుర్తు. మొదటి శనివారం. ఆ తెల్లవారుజామునే చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడికి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉండగా సిగ్నల్ ఆగిపోయింది. జులైలో అది మా కళ్లముందే ఎగిరింది. కాలనీ అంతా చావు ఇంటిలా ఉంది. ఆ రోజు ఎవరూ రారనుకున్నాం. అక్కయ్య మాత్రం చాపలు పరిచింది. తొమ్మిదిమందిమి వెళ్లాం. ఎవరమూ ఏమీ చదవలేదు, గంటసేపు కూర్చుని లేచి వచ్చాం.

2023 జులై 14న చంద్రయాన్-3 లేచింది. మరుసటి రోజు మూడో శనివారం. అందరం రాకెట్ మీదే రాసుకొచ్చాం, ఒకామె తప్ప. ఆమె మూడు రోజులుగా డ్యూటీ నుంచి ఇంటికి రాని భర్త కోసం మూతపెట్టి ఉంచిన అన్నం గిన్నె గురించి రాసింది. ఆ రోజు ఏడవనివాళ్లు లేరు.

పెద్ద ఊళ్లలోనూ కవిత్వం ఇలాంటివాళ్ల చలవతోనే నిలిచింది. వచన కవితకు చోటు కావాలని కుందుర్తి ఆంజనేయులు గారు ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టారు. ఆయన 1982లో పోయాక ఆ భారాన్ని శీలా వీర్రాజు గారు ఏళ్ల తరబడి మోశారు. తానూ కవే, నవలాకారుడే, అయినా ఎంతోమంది కవుల పుస్తకాలకు ముఖచిత్రాలు వేసి పెట్టారు. ఆయన భార్య సుభద్రాదేవి గారూ మంచి కవయిత్రి. వీర్రాజు గారు 2022లో వెళ్లిపోయారు. అవార్డు అందుకున్నవాళ్ల పేర్లు గుర్తుంటాయి, కుర్చీలు సర్దినవాళ్లకు థాంక్స్ చెప్పడం మర్చిపోతాం.

మేమూ మర్చిపోయాం. ఒకసారి చుట్టాలెవరో నా కవిత పైకి చదివి నవ్వారని మూడు నెలలు చాప మీదకు వెళ్లలేదు. అక్కయ్య వచ్చి, "నీ చోటు అట్లే ఉంది" అని ఒక్క మాట చెప్పి వెళ్లింది. దానికైనా నేను థాంక్స్ చెప్పానా? లేదు.

శాలువా వద్దంది. సరే, ఆవిడ నోటుబుక్కుల్లోని కవితలన్నీ మంచి అక్షరాలతో ఎత్తిరాసి ఇద్దామని తలా కొన్ని పంచుకున్నాం. అయిదు నోటుబుక్కులు. సగంలో ఉండగా మా పక్కింటి అమ్మాయి అడిగింది, "అత్తా, ఇందులో పెద్దమ్మవి ఏవి?" వెతికాం. పదకొండేళ్లలో ఒక్కటీ లేదు. అందరి కవితలూ రెండేసిసార్లు విన్న మనిషిని, "మీరేమైనా రాశారా?" అని మాలో ఒక్కరం అడగలేదు! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆఖరి శనివారం అడిగాం. చాలాసేపు వద్దంది. చివరికి బీరువాలో చీరల అడుగునుంచి ఒక కాగితం తీసింది. తన పుట్టింటి గురించి. గొంతు వణికింది, అయినా పద్ధతి ప్రకారం రెండుసార్లూ చదివింది. ఎవరమూ "బాగుంది" అనలేదు. ఒక్కొక్కరం మనసుకు పట్టిన మాట చెప్పాం. ఒకరు "నులకమంచం" అన్నారు, ఒకరు "చింతచిగురు". నేను "గడప" అన్నాను. పదహారుమందిమి చెప్పేదాకా తల వంచుకుని విన్నది.

లారీ వెళ్లాక చూస్తే చాపలు మా గుమ్మం పక్కన చుట్టి నిలబెట్టి ఉన్నాయి, వాటి మీద ఆరో నోటుబుక్కు. ఒక చాప అంచు ఊడిపోయింది. వచ్చే శనివారంలోగా కుట్టాలి.