రెండు గీతల నాయకుడు

మా క్లాస్‌మేట్ ఒకడికి ఈమధ్య ఎన్.సి.సి.లో కార్పొరల్ ర్యాంకు వచ్చింది. వాడిది ఎ.కొండూరు వైపు తండా, పేరు చివర నాయక్. చొక్కా చేతి మీద రెండు గీతలు చూసి ఎవడో అన్నాడు: "పేరులో నాయక్, చేతి మీద రెండు గీతలేనా?" అందరం నవ్వాం. వాడు మాత్రం తాపీగా, "ఆర్మీలో ఈ రెండు గీతల ర్యాంకు పేరే నాయక్ రా" అన్నాడు.

నిజమే. ఆ మాట మన నాయకుడే. సంస్కృతంలో 'నీ' ధాతువుకి నడిపించడం అని అర్థం. నేత కూడా అందులోంచే వచ్చింది. కాకతీయుల కాలంలో రాజు దగ్గర భూమి పొంది, బదులుగా సైన్యాన్ని పోషించేవాడు నాయకుడు. ఆ పద్ధతి పేరు నాయంకరం. 1323లో ఓరుగల్లు పడిపోయాక దాన్ని మళ్లీ గెలిచిన ముసునూరి వాళ్లూ, తర్వాత మధుర, తంజావూరు ఏలిన తెలుగువాళ్లూ నాయకులే. 'నాయుడు' ఈ మాట అరిగి అయిందే. తండా పెద్దనీ నాయక్ అనే అంటారు.

మరి రాజ్యాలేలిన మాట రెండు గీతలకి ఎలా దిగింది? ఈస్టిండియా కంపెనీ సిపాయి పటాలాలు కట్టినప్పుడు పెద్ద పదవులు తెల్లవాళ్లు ఉంచుకుని, మన పెద్ద మాటల్ని కింది ర్యాంకులకి తగిలించారు. మొఘలుల సుబేదారు అంటే సుబా మొత్తానికి గవర్నరు. కంపెనీ సుబేదారేమో నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల కుర్రాడికి కూడా సెల్యూట్ కొట్టాలి.

నాయక్‌కి సమానమైన కార్పొరల్‌దీ ఇలాంటి కథే. దాని మూలం ఇటాలియన్ 'కాపో', అంటే తల. అక్కడా పెద్ద తలకాయే, ఇక్కడా రెండు గీతలే!

అయితే మాట చిన్నబోయిందా? 1948 ఫిబ్రవరి 6న కాశ్మీర్‌లో నౌషేరా దగ్గర తైన్‌ధార్‌లో తొమ్మిది మందితో ఉన్న ముందు పోస్టుకి కమాండర్ నాయక్ జదునాథ్ సింగ్. శత్రువు మూడుసార్లు మీదపడ్డాడు. మూడోసారికి తన వాళ్లంతా చనిపోయో గాయపడో ఉంటే, ఒంటరిగా స్టెన్‌గన్‌తో ఎదురెళ్లి ప్రాణమిచ్చాడు. పరమవీరచక్ర ఇచ్చారు. గీతలు రెండే, చేసింది మాత్రం ఆ ధాతువులో ఉన్న పనే: ముందు నడవడం.

మావాడికి ఈ సంగతి చెప్పి, ఆరోజు నవ్వినందుకు సారీ కూడా చెప్పాను. "సర్లే, రేపు పరేడ్‌కి టైముకి రా" అన్నాడు మా నాయక్.