ట్రాలీలో సామాను పెట్టె – ఇంటనే చేసికొను విధము

కె.సి. కాలువ క్రింద ప్రొద్దుటూరు వరిమళ్లలోనైనను, జమ్మలమడుగు నల్లరేగడి శనగచేలలోనైనను, పులివెందుల చీనీతోటలలోనైనను నేడు ఎరువు తోలుటకును, పంట చేరవేయుటకును ట్రాక్టరు ట్రాలీయే ఆధారము. ఎడ్లబండి కాలమున ఇరుసు ప్రక్క కందెన గొట్టము, బండి క్రింద జోలె, ఇట్లు ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క తావు ఉండెడిది. చాల ట్రాలీలకు అట్టి తావు లేదు. గడ్డపార, మోకులు, టార్పాలిను, గ్రీజు డబ్బా, డీజిలు క్యాను, పురుగుమందు సీసాలు, విత్తనపు సంచి, కూలీల సద్దిమూటలు అన్నియు ఒకే రేకుమీద పొర్లాడుచుండును.

మోకు ఒరసికొని తెగుట, స్పానరు జారిపోవుట చిన్న నష్టములు. డీజిలు ఒలికి వేరుసెనగ విత్తనముపై పడినచో మొలకశక్తి చెడును. అది అంతకన్న పెద్దది. అన్నిటికంటె పెద్ద ముప్పు మందుసీసా పగిలినప్పుడు వచ్చును. 1958లో కేరళలో పెరాథియాన్ అను పురుగుమందు గోధుమపిండిలో కలిసి, ఆ పిండి తినిన వందమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మందును, తిండిసరకును ఒకేచోట వేసి రవాణా చేయుటయే దానికి కారణము. 1968లో కీటకనాశినుల చట్టము పుట్టుటకు ఈ దుర్ఘటన ముఖ్య హేతువు. 1971 నాటి నియమములు పురుగుమందు తిండిసరకులకు గాని, పశువుల దాణాకు గాని తగులునట్లు రవాణా చేయరాదని స్పష్టముగా చెప్పుచున్నవి. ఓడకును, రైలుకును వర్తించు ఈ మాట మన ట్రాలీకి మాత్రము ఎందుకు వర్తింపదు?

ఇక పెట్టె మాట. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు గోడలుగల ట్రాలీలో 120 ఘనపు అడుగుల చోటుండును. ముందుగోడకు ఆనించి ఐదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుగల పెట్టె నమర్చినచో పదింట ఒక వంతుకన్న తక్కువ చోటే పోవును. పెట్టె గోడలకంటె అర అడుగు క్రిందనే యుండుటచేత పైన టార్పాలిను కప్పుటకు అడ్డము రాదు. వెనుక భాగమున పెట్టె పెట్టుట కొందరికి అలవాటు. అది మంచిది కాదు. దింపుడు సమయమున సరకంతయు దానిమీదుగానే జారవలసి యుండును.

చెక్కకు వేప చాలును. పురుగు సులభముగా పట్టదు, మన ఊళ్లలోనే దొరకును. అయితే పచ్చిచెక్క వాడరాదు. మే నెలలో 40 డిగ్రీలు దాటు మన ఎండకు పచ్చిపలక కుంగి, వంగి, సందులు పడును. నీడన బాగుగా ఆరిన ముప్పాతిక అంగుళపు పలక 42 చదరపు అడుగులు తెచ్చుకొనినచో, కోతలో పోవు తరుగుతో కూడ సరిపోవును. పెట్టె బరువు ఇనుపసామానుతో కలిపి సుమారు 50 కిలోలగును. మొత్తము రేకుతోనే చేయించుకొందురు కొందరు. ఎండలో రేకుపెట్టె పెనమువలె కాగును, గతుకులలో చప్పుడు వేరే.

మూలలను మేకులతో బిగింపవద్దు. బండి కుదుపునకు మేకు మెల్లగా పైకి లేచును. లోపలి మూలలలో ఇనుప కోణపు పట్టీలు పెట్టి మరలతో బిగింపవలెను. నడుమ ఒక అడ్డపలక వేసి రెండు అరలు చేయవలెను: ఒకటి స్పానర్లు, గ్రీజు, ఇనుపసామానులకు, రెండవది మోకులు, టార్పాలిను, ప్రథమచికిత్స సామగ్రికి. గడ్డపార పొడవైనది గనుక అడ్డపలక వెనుక మూలలో కంత చేసినచో అది రెండు అరలకు అడ్డముగా పట్టును. మూతను కూడ రెండు ముక్కలుగా చేయుట మేలు, ఒక చేతితో లేచును. మూతపై పలుచని రేకు కప్పి, అంచులు అంగుళము క్రిందికి వంచవలెను. పెట్టె అంచుచుట్టును పాత ట్యూబు పట్టీ కొట్టినచో వాననీరు, దుమ్ము లోనికి రావు. అడుగున నాలుగు మూలల అర అంగుళపు బెజ్జములు వేసి, ఎలుక దూరకుండ సన్నని తీగెవల కొట్టవలెను. పెట్టెక్రింద రెండు అంగుళపు బద్దలు వేసినచో ట్రాలీ కడిగిన నీరు నిలువక చెక్క చివికిపోదు. వెలుపల అవిసెనూనె రెండు పూతలు పూయవలెను.

పెట్టెను ట్రాలీ అడుగునకు 12 మి.మీ. బోల్టులు నాలుగింటితో, క్రింద వెడల్పైన ఇనుపపట్టీ, వాషరు పెట్టి బిగింపవలెను. ఎత్తుడు ట్రాలీ అయినచో ఇది తప్పనిసరి. జాకీ, చక్రపు స్పానరు మాత్రము ట్రాక్టరు మీదనే యుంచుకొనుడు. పత్తి బోరెములు నిండిన ట్రాలీకి దారిలో చక్రము గాలి పోయినచో సగము సరకు దింపి పెట్టె తెరువవలసి వచ్చుట ఎవరికి కావలెను?

పురుగుమందులకు ఈ పెట్టెలో అర చేయకూడదు. అడ్డపలక సందులనుండి వాసన, తడి పాకును. మందు పీల్చిన చెక్క మరల ఎంత కడిగినను శుభ్రపడదు. వానికి మూతగల ప్లాస్టిక్ తొట్టె ఒకటి వేరుగా ట్రాలీ వెనుక మూల కట్టి, తాళము వేసికొనవలెను. సీసాలు నిలువుగా, అడుగున ఇసుక వేసి నిలుపవలెను; ఒలికినచో ఇసుక పీల్చును. ఆ ఇసుకను బావికి, కాలువకు దూరముగా గోయి తీసి పూడ్చవలెను. ఖాళీ మందుడబ్బాను ఇందుకు గాని, నీళ్లకు గాని వాడరాదు. సద్ది, మంచినీరు ట్రాక్టరు ప్రక్కన సంచిలో తగిలించుకొనినచో అన్నిటికి దూరము. విత్తనమునైతే ఏ పెట్టెలోను వేసి ఎండలో నిలుపవద్దు. గోనెసంచిలో నీడన తెచ్చి నాడే దింపుకొనవలెను.

పెట్టె సిద్ధమైన పిదప కూలీలు దానిమీద కూర్చుండుట మొదలుపెట్టుదురు. ఇది మాన్పింపవలెను. అడుగున్నర పెట్టెమీద కూర్చున్న మనిషికి ట్రాలీ గోడ అర అడుగే ఆసరా. ఎర్రగుంట్ల, ముద్దనూరు దారులలో బరువు లారీల నడుమ ఒక్క కుదుపు చాలు.

మొదటి పది తిరుగుళ్ల తరువాత బోల్టులన్నియు ఒకసారి బిగించి, పిదప ప్రతి పంటకు ముందు చూచుకొనుడు. ట్యూబు పట్టీ ఎండకు పగిలినచో క్రొత్తది కొట్టవలెను.