మీకు తెలుసా? పెద్దమనిషైన పిల్లకు చిమ్మిలి

• ఆడపిల్ల పెద్దమనిషైతే మన ఊళ్లలో ముందు కబురు వెళ్లేది మేనమామకే. పిల్లను తాటాకు చాప మీద కూర్చోబెట్టి, పేరంటాళ్లు పసుపు రాసి హారతిస్తారు. బేసి రోజు చూసి తలంటి, మేనమామ పెట్టిన కొత్త బట్టలు కడతారు.

• ఈ వేడుకలో పిల్లకు పెట్టేది చిమ్మిలి: నువ్వులు, బెల్లం రోట్లో నూనె ఊరేదాకా దంచితే అదే. నువ్వుల్లో కాల్షియం, ఇనుము ఎక్కువ. చెరకు పండే మన చోడవరంలో, అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్కనుండగా బెల్లానికి కొదవేముంది!

• పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో క్రోబో ప్రజలు ఇలాంటి వేడుకను 'డిపో' అంటారు. అమ్మాయిలకు రంగురంగుల గాజుపూసల దండలు వేసి, ఇంటిపనులు, నాట్యం నేర్పుతారు.

• ఒకప్పుడు మన దగ్గర ఈ వేడుకంటే పెళ్లీడు వచ్చినట్టే. ఇప్పుడు చట్టం ప్రకారం పెళ్లికి అమ్మాయికి 18 ఏళ్లు నిండాల్సిందే.