నెత్తురు కాలువకు గండి

బాలలూ! చిత్తూరు నుంచి వచ్చే పెద్ద రోడ్డు పూతలపట్టు దగ్గర రెండుగా చీలుతుంది. ఒక దారి తిరుపతికి, ఇంకొకటి పీలేరు మీదుగా కడపకు పోతుంది. తిన్నగా వచ్చే బండ్లన్నీ ఆ చీలిక దగ్గర ఏదో ఒక పక్కకు తిరగవలసిందే.

చెరకు తోటకు నీరు పారే కాలువలోనూ ఇంతే. కాలువ తిన్నగా ఉన్నంతవరకు నీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోతాయి. రెండుగా చీలేచోట మాత్రం ఎదురుగా ఉన్న గట్టుకు కొట్టుకుంటాయి. రైతు అక్కడి మట్టిని ఎప్పుడూ కనిపెట్టి చూస్తూ ఉంటాడు. గండి పడే భయం అక్కడే ఎక్కువ గనక!

మన తలలో కూడా ఇటువంటి కాలువలు ఉన్నవి. మెదడు మన బరువులో సుమారు యాభయ్యో వంతు మాత్రమే. కాని గుండె పంపే నెత్తురులో ఇంచుమించు ఏడో వంతు దానికే కావాలి. నాలుగు ధమనులు మెడ గుండా పైకి పోయి, మెదడు అడుగున ఒక వలయంగా కలుసుకుంటాయి. 1664లో థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ వలయాన్ని చక్కగా వర్ణించాడు. అందుకే దానికి ఆయన పేరు వచ్చింది.

ఆ వలయం నిండా చీలికలే. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా నెత్తురు వెళ్లి ఆ చీలికలను తాకుతుంది. కొందరిలో అక్కడి గోడ పలచబడి, నెత్తురు ఒత్తిడికి బయటికి ఉబ్బుతుంది. సైకిలు టైరు చిరిగినచోట ట్యూబు బుడగలాగా పైకి రావడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. ఈ ఉబ్బునే వైద్యులు ‘అన్యూరిజమ్’ అంటారు.

“నెత్తురు అందరి తలలోనూ పారుతున్నది కదా, ఉబ్బు అందరికీ ఎందుకు రాదు?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే!

కాలువ గట్టు వట్టి మట్టి. ధమని గోడ అట్లా కాదు, దానికి ప్రాణం ఉన్నది. గోడ లోపలివైపున ఒకే ఒక వరుస కణాలు నున్నగా పరుచుకుని ఉంటాయి. వాటి వెనుక రబ్బరులాగా సాగే పొర, దాని వెనుక కండర కణాలు, అన్నిటికీ బయట కొల్లాజెన్ అనే గట్టి పీచు ఉంటాయి. ఒంట్లోని మిగతా ధమనులతో పోలిస్తే మెదడు ధమనుల గోడలు పలచన.

ఈ కణాలు ప్రతిదానిలోనూ సుమారు 20,000 జన్యువులు ఉన్నవి. అన్ని కణాలలోనూ ఉండేవి అవే జన్యువులు. ఊరిలో ఇంటింటా ఒకే వంటల పుస్తకం ఉన్నదనుకోండి. ఒక ఇంట్లో పులుసు పేజీ తెరుస్తారు, ఇంకొక ఇంట్లో పాయసం పేజీ తెరుస్తారు. కణాలూ అంతే. కండర కణం తనకు కావలసిన పేజీలు తెరిచి, మిగతావి మూసి ఉంచుతుంది. తెరిచిన పేజీకి కణం ఒక నకలు తీసుకుంటుంది. ఆ నకలే ఆర్.ఎన్.ఏ. దానిని పరీక్షిస్తే ఏ పేజీలు తెరిచి ఉన్నవో తెలిసిపోతుంది.

శస్త్రచికిత్స చేసే వైద్యులు, ఉబ్బులోకి నెత్తురు రాకుండా కట్టేసిన తరువాత దాని గోడలో చిన్న ముక్క తీశారు. దానిని తల చర్మంలోని మంచి ధమని ముక్కతో పోల్చి చూశారు. కండరాన్ని బిగించి ఉంచే పేజీలు చాలావరకు మూసుకుపోయినవి. వాపు తెచ్చే పేజీలు, పీచును కరిగించే పేజీలు బార్లా తెరుచుకున్నవి!

ఇది ఎట్లా జరుగుతుందంటే, నెత్తురు తాకిడి లోపలి కణాలకు తెలుస్తుంది. తాకిడి మితిమీరితే అవి “అపాయం!” అని కబురు పంపుతాయి. ఆ కబురు అందుకుని తెల్లకణాలు వస్తాయి. అవి వదిలే ఎంజైములు కత్తెరలవలె కొల్లాజెన్‌ను, సాగే పొరను తెంపుతాయి. కండర కణాలు కొన్ని చచ్చిపోతాయి. కాపలాకు పిలిచినవాళ్లే గట్టు తవ్వినట్టయింది! ప్రయోగశాలలో చిట్టెలుకలకు ఆ తెల్లకణాలు తగ్గించి చూస్తే, ఉబ్బులు కూడా తక్కువగా వచ్చాయి.

రక్తపు పోటు, పొగతాగడం ఈ కీడును పెంచుతాయి. కొన్ని కుటుంబాలలో పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడాల వల్ల కూడా గోడకు బలం తగ్గుతుంది.

ఉబ్బును కట్టడి చేసే ఉపాయాలు ఉన్నవి. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ ఉబ్బు మెడకు చిన్న వెండి క్లిప్పు బిగించాడు. 1990లో గూగ్లియెల్మి అనే వైద్యుడు, సన్నని గొట్టాన్ని ధమనుల గుండా తలదాకా పంపి, ఉబ్బు లోపల మెత్తని ప్లాటినం తీగ చుట్టి నింపే పద్ధతి తెచ్చాడు. అయితే తెరుచుకున్న ఆ చెడ్డ పేజీలను మూసే మందు మాత్రం ఇంకా రాలేదు. రేపు మీలో ఎవరైనా కనిపెడతారేమో!

భయపడకండి. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇటువంటి ఉబ్బు ఉంటుంది. చాలావరకు అవి ఎన్నటికీ పగలవు. పిల్లలలో ఇది బహు అరుదు.

కాని ఎప్పుడైనా ఒక ఉబ్బు పగిలిందంటే క్షణాలు విలువైనవి. మంచిగా ఉన్న మనిషి ఒక్కసారిగా, “ఇంత తలనొప్పి నా జన్మలో ఎరగను” అని తల పట్టుకుంటాడు. వాంతి కావచ్చు, మెడ బిగుసుకుపోవచ్చు, స్పృహ తప్పవచ్చు. ఎండదెబ్బ అనుకుని నుదుటికి మందు రాసి పడుకోబెట్టకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. తిరుపతిలోని స్విమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో మెదడు శస్త్రచికిత్స వైద్యులు ఉంటారు.

అంతకన్నా ముందు మీరు చేయగల పని ఒకటి ఉన్నది. ఈ సాయంత్రం అవ్వ దగ్గరకు పోయి, “అవ్వా, బి.పి. మాత్ర వేసుకున్నావా?” అని అడగండి. తాత చేతిలో బీడీ కనిపిస్తే, ఈ కాలువ కథ ఆయనకు చెప్పండి. గండి పడినాక పూడ్చడంకన్నా, ముందే గట్టు కాచుకోవడం సులభమని పొలం చేసిన తాతకు వేరే చెప్పాలా?