ఆపత్కాల సేవల ఉద్యోగాలకు కాలేజీ చదువు
పాడి రైతు బిడ్డలు తెలుసుకోవలసిన సంగతులు

ఇంటర్మీడియేట్ ఫలితాలు వచ్చే రోజులలో మేము సంఘాల తనిఖీకి వెళితే పద్దుల కంటె ముందు పిల్లల చదువుల మాటే వస్తుంది. "మా వాడు వరద సహాయం, ఫైరు, అంబులెన్సు లాంటి డిపార్టుమెంటులో ఆఫీసరు కావాలంటాడండీ, ఏం చదివించమంటారు?" అని ఈ మధ్య చాలా గ్రామాల్లో అడుగుతున్నారు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లలకు ఇటువంటి కోరిక కలగడం సహజమే. ఈ చదువు ఏమిటో, ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ మోసపోయే ప్రమాదమున్నదో సభ్యుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

ఈ చదువు ఎందుకు వచ్చింది?

తుపాను రాకను ఎవరూ ఆపలేరు. అది వచ్చినపుడు ఎందరు చనిపోతారన్నది మాత్రం చాలావరకు పరిపాలన మీద ఆధారపడి ఉంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. 1999లో ఒరిస్సా తుపానులోనూ అంతే. అదే ఒరిస్సా తీరానికి 2013లో ఫైలిన్ తుపాను వచ్చినపుడు ముందుగా లక్షలాది జనాన్ని తరలించారు. ప్రాణనష్టం కొన్ని పదులకు తగ్గింది. గాలి తగ్గిందని కాదు, పని చేసే పద్ధతి మారింది. ఆ పద్ధతిని నేర్పేదే ఈ చదువు.

మన డెల్టాకు కష్టాలు కొత్త కాదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది, వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చి లంకలు మునిగాయి.

2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి జిల్లాలో ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. కలెక్టరు దానికి అధ్యక్షుడు, జిల్లా పరిషత్తు అధ్యక్షుడు సహాధ్యక్షుడు. అప్పటి నుంచి ఈ పనికి శిక్షణ పొందిన మనుషుల అవసరం పెరిగింది. అమెరికాలో ఉత్తర టెక్సాస్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో ప్రత్యేక డిగ్రీని 1983లోనే ప్రారంభించింది. మన దేశంలో తరువాత వచ్చింది.

ఏమేమి నేర్పుతారు?

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి పోస్టుగ్రాడ్యుయేట్ డిప్లొమాను ఉదాహరణగా తీసుకుందాము. ఏదైనా డిగ్రీ ఉన్నవారు చేరవచ్చు, ఇంటి వద్ద ఉండే చదువుకోవచ్చు. అందులోని పాఠాలను మన అనుభవంతో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతాయి.

1. ప్రకృతి విపత్తులు: తుపాను ఎలా పుడుతుంది, ఉప్పెన ఎందుకు లేస్తుంది, నది ఎప్పుడు గట్టు తెంచుకుంటుంది అన్న శాస్త్రం. ధవళేశ్వరం వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారని మనకు తెలుసు. భద్రాచలంలో అవి 43, 48, 53 అడుగులు. పైన నీరు పెరిగినపుడు కింద ఎప్పుడు, ఎంత వస్తుందో లెక్కకట్టడం ఈ చదువులో భాగం.

2. మనుషుల వల్ల వచ్చే విపత్తులు: 1995 జనవరిలో పాశర్లపూడి చమురు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలింది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద బోటు మునిగింది. ఈ నాలుగూ మన ప్రాంతంలోనివే. నాలుగింటికీ వేరువేరు ముందుజాగ్రత్తలు ఉన్నాయి.

3. ప్రమాదపు అంచనా: ఏ లంక ముందు మునుగుతుంది, అక్కడ ఎన్ని ఇళ్ళు, ఎందరు వృద్ధులు, ఎందరు గర్భిణులు, ఎన్ని పశువులు అన్నది ఎండాకాలంలోనే రాసి పెట్టుకోవడం.

4. సంసిద్ధత, సహాయ చర్యలు: పడవలు, బియ్యం, తాగునీరు, పశుగ్రాసం ఎక్కడ నిలవ చేయాలి, ఎవరి ఆజ్ఞ ఎవరు పాటించాలి అన్నవి. పది శాఖలు ఒకేచోట పని చేసేటపుడు ఒకే అధికారి మాట చెల్లాలన్నది ఇందులో ముఖ్యసూత్రం.

5. వైద్యం: గాయపడిన వారిలో ఎవరిని ముందు చూడాలి, వరద తీశాక అతిసారం రాకుండా ఏమి చేయాలి అన్నవి. పశువుల విషయంలో గొంతువాపు టీకాలు వానలకు ముందే వేయించాలని మేము చెప్పేది కూడా ఇటువంటి ముందుచూపే.

6. పునరావాసం: నష్టం లెక్కించడం, సహాయం పంచడం, మళ్ళీ నిలబెట్టడం.

ఈ ఆరవ అంశం చిన్నదిగా కనబడుతుంది గాని, ఫిర్యాదులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం విపత్తులో చనిపోయిన పాడి గేదెకు, ఆవుకు 37,500 రూపాయలు సహాయం. కుటుంబానికి మూడు పెద్ద పాడి పశువుల వరకే. అయితే పశువు ఉండినట్లు, చనిపోయినట్లు ధ్రువీకరణ కావాలి. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో వరదకు రికార్డులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఎవరి పశువులు ఎన్నో చూపడానికి కాగితం లేక సభ్యులు నెలల తరబడి తిరిగారు. సరైన పద్దు రాయడం కూడా ఆపత్కాల సేవేనని అప్పుడు అందరికీ తెలిసింది. ఈ ఉద్యోగాలలో ధైర్యంతో పాటు లెక్కల శ్రద్ధ కూడా కావాలి.

ఎక్కడ చదవాలి?

ఇంటర్మీడియేట్ అయినవారికి పైన చెప్పిన సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనే విపత్తు నిర్వహణ సర్టిఫికెట్ కోర్సు ఉన్నది. పూర్తికాలం ఎం.ఏ. స్థాయిలో చదవదలచిన వారికి బొంబాయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఉన్నది. అగ్నిమాపక ఇంజనీరింగుకు నాగపూరులోని జాతీయ అగ్నిమాపక కళాశాల పేరున్నది. 1956లో రాంపూరులో మొదలై, మరుసటి ఏడు నాగపూరుకు మారిన ప్రభుత్వ కళాశాల అది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం మనకు దగ్గరలోనే, గన్నవరం వద్ద కొండపావులూరులో 2025 జనవరిలో ప్రారంభమైంది. జాతీయ విపత్తు సహాయ దళం పదవ బెటాలియన్ కూడా అక్కడే ఉన్నది.

అంబులెన్సు సేవ వేరు మార్గం. 108 సేవ 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైంది. ఆ వైపు వెళ్ళదలచిన వారు ఇంటరులో జీవశాస్త్రం తీసుకుని ఎమర్జెన్సీ వైద్య సాంకేతిక కోర్సులు చూడాలి.

ఉద్యోగం ఏ దారిన వస్తుంది?

ఇక్కడ సభ్యులు జాగ్రత్తగా గమనించాలి. విపత్తు నిర్వహణ డిప్లొమా చేతికి రాగానే ఆఫీసరు ఉద్యోగం రాదు. మన రాష్ట్రంలో సహాయ పరిపాలన ప్రధానంగా రెవెన్యూ శాఖ చేతిలో ఉన్నది. డిప్యూటీ తహసీల్దారు కావడానికి గ్రూప్-2 పరీక్ష రాయాలి. అగ్నిమాపక శాఖలో పై అధికారి పోస్టులు గ్రూప్-1 ద్వారా వస్తాయి. స్టేషన్ ఫైర్ ఆఫీసర్లను, ఫైర్‌మెన్లను 2018లో పోలీసు నియామక మండలి పరీక్ష ద్వారా తీసుకున్నారు. ఎంపికైన వారికి శిక్షణ శాఖే ఇస్తుంది. సివిల్ సర్వీసు పరీక్షలో విపత్తు నిర్వహణ 2013 నుంచి పాఠ్యాంశంగా ఉన్నది. కాబట్టి డిగ్రీ, పోటీ పరీక్ష ముఖ్యం. ఈ డిప్లొమా వాటికి తోడు.

మాకు తెలిసిన ఒక సభ్యుడు ఈనిక మీద ఉన్న గేదెను అమ్మి, ఉద్యోగం గ్యారంటీ అన్న ఒక ప్రైవేటు సంస్థకు ఫీజు కట్టాడు. కొడుకు ఏడాది చదివి సర్టిఫికెట్టు తెచ్చాడు. ఏ నోటిఫికేషనులోనూ ఆ సర్టిఫికెట్టు అడగలేదు. గేదె పోయింది, ఏడాది పోయింది. ఇటువంటిది మరొక ఇంట జరగకూడదు. అందుచేత ఫీజు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. డిగ్రీ అయితే విశ్వవిద్యాలయ నిధుల సంఘం గుర్తింపు ఉన్నదా? దూరవిద్య అయితే ఆ ఏటికి ఆ కోర్సుకు అనుమతి ఉన్నదా? మీరు కోరే ఉద్యోగపు గత నోటిఫికేషనులో ఈ అర్హత పేరు ఉన్నదా? మూడవ ప్రశ్నకు జవాబు కాగితం మీద చూపలేని సంస్థకు డబ్బు కట్టవద్దు.

కాలేజీకి వెళ్ళలేని వారు

వారికీ మార్గమున్నది. 2016లో కేంద్రం ప్రారంభించిన ఆపద మిత్ర పథకం కింద గ్రామ యువకులకు, యువతులకు పన్నెండు రోజుల శిక్షణ ఇస్తూ వచ్చారు. ప్రథమ చికిత్స, నీటిలో రక్షణ, తరలింపు అందులో నేర్పుతారు. మీ జిల్లాలో తదుపరి శిక్షణ ఎప్పుడో కలెక్టరు కార్యాలయంలోని విపత్తు విభాగంలో విచారించవచ్చు.

పాలకవర్గాలకు మనవి

ప్రతి సంఘం ఈ వేసవిలోనే రెండు పనులు చేయవలసిందిగా కోరుతున్నాము. ఒకటి, సభ్యులవారీగా పశువుల జాబితా తయారుచేసి, ఒక ప్రతిని ఏటిగట్టుకు అవతల ఎత్తయిన చోట భద్రపరచండి. రెండు, డిగ్రీ చదువుతున్న పాడి రైతు బిడ్డ ఒకరిని పిలిచి ఆ జాబితా రాయించండి. ఏ లంకలో ఎన్ని పశువులు, వాటిని ఏ దారిన గట్టు ఎక్కించాలి అన్నది వారికి తెలుస్తుంది. పుస్తకంలో మూడవ పాఠం అదే. ఆ పని చేసిన పిల్లవాడు గాని పిల్ల గాని తరువాత ఏ కోర్సులో చేరినా, ఏ పరీక్ష రాసినా, మొదటి మెట్టు మీ పాలకేంద్రంలోనే ఎక్కినట్లవుతుంది.