తాతల నాటి కితాబులు: ఇంటిలోని అమానతు

స్తోత్రములన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక.

సోదరులారా! మన మస్జిదులలో ఒక మూల ఒక పెట్టె ఉంటుంది. చినిగిన ముస్హఫ్ పత్రాలను, అల్లాహ్ నామం గల కాగితాలను అందులో వేస్తారు. అది నిండిన తరువాత వాటిని శుభ్రమైన వస్త్రంలో చుట్టి, కాళ్లు పడని చోట పూడ్చిపెడతాము. ఇది అదబు. కొన్నేళ్ల క్రితం ఒక ఇంటివారు గుడ్డమూట ఒకటి తెచ్చి ఆ పెట్టె ప్రక్కన ఉంచారు. మేము విప్పి చూడలేదు. మిగిలిన వాటితోపాటు ఖబరస్తానులో పూడ్చివేశాము. తరువాత ఆ ఇంటి మనుమడు వచ్చి, “హజ్రత్, అందులో మా తాతగారు చేతితో వ్రాసుకున్న ఫిఖ్హ్ కితాబు ఉందట. వరుసల నడుమ మన మాటల్లో అర్థాలు వ్రాసేవారట. ఒకసారి చూడవచ్చునా?” అని అడిగాడు. చూపించడానికి మా వద్ద ఏమీ లేదు.

హనఫీ ఫుఖహాలు పూడ్చమన్నది చదవడానికి వీలుకాని ముస్హఫ్‌ను. పాతబడటం వేరు, చదవశక్యం కాకపోవటం వేరు. ఈ భేదం మాకు తెలియనిది కాదు. ఆ రోజు పాటించలేదు, అంతే.

వరుసల నడుమ వ్రాసిన ఆ చిన్న అక్షరాల విలువ ఏమిటి? ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపామని, వారికి విశదపరచడానికే అలా చేశామని ఇబ్రాహీం సూరా 4వ ఆయత్ తెలుపుతున్నది. అరబ్బేతర దేశాల ఉలమాలు ఈ పనినే కలంతో చేశారు. మూలం అరబీలో, అర్థం ఇంటి భాషలో. మద్రసాలో మేము కూడా వరుసల మధ్య ఉర్దూ అర్థాలు వ్రాసుకుంటూనే చదివాము. ఉస్తాదు నోట వచ్చిన మాట మరే గ్రంథంలోనూ ఉండదు, ఆ అంచులోనే ఉంటుంది.

నైజీరియా ఈశాన్యాన ఉన్న బోర్నూ ప్రాంతంలో 1669 నాటి తేదీ గల ముస్హఫ్ ఒకటి లభించింది. ఆ ప్రాంతపు ప్రాచీన ముస్హఫ్‌లలో ఆయత్‌ల నడుమ కనెంబూ భాషలో అర్థాలు ఉన్నాయి. ఆ భాష ఎంత పాతదంటే నేటి సామాన్య కనెంబూ ప్రజలకు అది బోధపడదు. ఆ పాత పలుకుకు ఆ వ్రాతలు సాక్ష్యంగా నిలిచాయి.

సెనెగల్ దేశపు దక్షిణ భాగమైన కసామాన్స్ సంగతి మనకు మరింత దగ్గరిది. అక్కడి మందింకా ముస్లిములు తమ భాషను అరబీ లిపిలో వ్రాస్తారు. దానిని అజమీ అంటారు. ఉలమాల కుటుంబాలలో తరతరాలుగా ఫిఖ్హ్, తసవ్వుఫ్, వైద్యం మొదలైన విషయాల వ్రాతప్రతులు ఉన్నాయి. అనేకం అరబీ మూలంతో, మందింకా వివరణలతో ఉన్నవి. ఫ్రెంచి చదవడం రాదని ప్రభుత్వ లెక్కలలో నిరక్షరాస్యులైనవారు ఇళ్లలో ఇంతటి విద్యను దాచుకున్నారు! చెదలు, వాన తేమ, అగ్నిప్రమాదాలు, 1982 నుండి సాగిన అంతర్గత పోరు ఆ సంపదను క్షీణింపజేశాయి. సెనెగల్‌కు చెందిన పండితుడు, బోస్టన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫాలూ ఎన్గోమ్, ఆయన సహచరులు బ్రిటిష్ లైబ్రరీ సహాయంతో ఆ ప్రతులను పుట పుటకూ ఛాయాచిత్రాలు తీశారు. అసలు ప్రతులు మాత్రం యజమానుల వద్దనే ఉండిపోయాయి. పుస్తకం ఇస్తే తిరిగి రాదేమోనన్న భయం ఏ ఇంటిలోనైనా సహజమే కదా.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. యమామా యుద్ధంలో ఎందరో హాఫిజులు షహీదులైన తరువాత హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట వ్రాయించారు. ఆ పత్రాలు వారి వద్ద, ఆపై హజ్రత్ ఉమర్ (రజి) వద్ద, ఆపై విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి) ఇంటిలో ఉన్నాయి. హజ్రత్ ఉస్మాన్ (రజి) వాటిని అడిగి తెప్పించుకొని, ప్రతులు వ్రాయించి, అసలు పత్రాలను ఆమెకు తిరిగి పంపారు. ఇతర ప్రతులను వారు కాల్పించారు కదా అని కొందరంటారు. అది ఖుర్ఆన్ పఠనంలో విభేదం రాకూడదని చేసినది. తాతగారి ఫిఖ్హ్ కితాబుకు అది వర్తించదు.

కనుక ఇంటిలో పాత కితాబు ఉంటే ముందు దానిని బాగుచేయబోకండి. చినిగిన చోట టేపు అంటించవద్దు. దాని జిగురు కాలక్రమాన సిరాను, కాగితాన్ని పాడుచేస్తుంది. లామినేషన్ వద్దు, ఎండబెట్టడం వద్దు. పొడి నూలు గుడ్డలో చుట్టి, చెమ్మ గోడకు దూరంగా, నేలకు ఎత్తుగా ఉంచండి. విడి ఆకులైతే ఉన్న వరుసను కదపకండి. పుట అడుగున తరువాతి పుట మొదటి మాట వ్రాసి ఉంటుంది, వరుస తప్పితే దానితోనే సరిచూడాలి. ఫోనుతోనైనా సరే, అట్టతో మొదలుపెట్టి ప్రతి పుటనూ, ఖాళీ పుటలతో సహా, వెలుతురులో అంచులు కనబడేలా తీయండి. ఖాళీ అనుకున్న పుటలోనే పుట్టిన తేదీలు, అప్పుల లెక్కలు, ఇజాజత్‌లు దొరకవచ్చు. ఎవరు వ్రాసినది, ఏ ఊరిది అనే వివరాలు పెద్దలు జీవించి ఉండగానే అడిగి వేరే కాగితంపై వ్రాయండి.

మన మస్జిదులో ఇకపై పెట్టెలోని ఏ మూటనూ విప్పకుండా పూడ్చము. తెచ్చినవారు అస్ర్ నమాజు తరువాత కాసేపు ఆగితే, వారి ఎదుటే విప్పి, చేతివ్రాత కనిపిస్తే చదివి చెప్పి, కితాబును తిరిగి వారి చేతికే ఇస్తాము.