పసుపు ఎర్రబడితే మైనానికి ముప్పు

ఉత్తరాంధ్రలో కొత్త కారు కొన్నవాళ్లు చాలామంది షోరూమ్ నుంచి తిన్నగా ఇంటికి వెళ్లరు. ముందు అరసవల్లి గుడికో శ్రీకూర్మం గుడికో వెళ్తారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, దాని మీద కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. మర్నాడు ఆ పసుపు వదిలించడానికి బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్లు పోశారంటే పచ్చటి గీతలు చూస్తుండగానే ఎర్రబడతాయి. కారు రంగే పాడైందని యజమాని గాభరాపడతాడు. నిజానికి రంగుకేమీ కాలేదు, మారింది పసుపే. బకెట్లో ఉన్న నీళ్లు ఎలాంటివో అది చెబుతోంది.

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని తెలియని తెలుగిల్లు ఉండదు. పారాణి అదే, దిష్టి తీసే ఎర్రనీళ్లూ అవే. పసుపులోని కుర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలోనూ మంచినీళ్లలోనూ పచ్చగానే ఉంటుంది. పీహెచ్ విలువ 7.4 దాటాక రంగు మారడం మొదలై, 8.6 దగ్గరికి వచ్చేసరికి గోధుమ కలిసిన ఎరుపుకు తిరుగుతుంది. లిట్మస్ కాగితంలాగే పసుపు కాగితాన్నీ ప్రయోగశాలల్లో క్షారాన్ని గుర్తించడానికి వాడేవారు. బట్టల పొడుల్లో చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్, దండిగా ఉంటుంది. వాటి ద్రావణం పీహెచ్ 10, 11 దాకా వెళ్తుంది. కారు షాంపూల్లో మంచివి 7 చుట్టుపక్కల ఉంటాయి. తెల్లకాగితం మీద తడి పసుపు పూసి, ఆరాక, డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపిన షాంపూ నీటిని ఒక చుక్క వేస్తే చాలు. ఎర్రబడిందంటే ఆ డబ్బా పక్కన పెట్టాల్సిందే.

క్షారం అంటే ఎందుకంత భయం? కారు మీద మెరుపు కోసం పూసే మైనంలో పేరున్నది కార్నౌబా. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీంచి దాన్ని తీస్తారు. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గానీ కరగదు. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీలకే కరిగిపోతుంది. మే నెల ఎండలో నల్లటి బానెట్ ఎంతగా కాలుతుందో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఈ తేడా విలువ తెలుస్తుంది. అయితే దుకాణంలో దొరికే డబ్బాలో ఉండేది అచ్చమైన కార్నౌబా కాదు. నూనెలు, సిలికోన్లు, మెత్తటి మైనాలు కలిపి, పూయడానికి వీలుగా చేసిన మిశ్రమం అది. పూసి తుడిచాక కారు మీద మిగిలే పొర ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు.

సోడా నీళ్లు ఒక్కసారి పోయగానే మైనం మొత్తం ఊడిపోతుందనేది అతిశయోక్తి. మైనంలో ప్రధానంగా ఉండేవి ఎస్టర్లు. క్షారం వాటిని విడగొట్టగలదు గానీ చన్నీళ్లలో, కడిగే ఆ పదినిమిషాల్లో, ఆ పని చాలా నెమ్మదిగా సాగుతుంది. దెబ్బ ముందు తగిలేది కార్నౌబాతో కలిపిన నూనెలకు, మెత్తటి భాగాలకు. క్షారమూ జిడ్డు తీసే పదార్థాలూ కలిసి వాటిని లేపేస్తే, గుడ్డతో రుద్దే రుద్దుడు మిగతా పని చేస్తుంది. వారం వారం ఇలాగే కడిగితే నెలల పాటు నిలవాల్సిన పూత వారాలకే పలచబడుతుంది.

పసుపు పరీక్షను అంతటితో నమ్మేయకూడదు. గిన్నెలు తోమే లిక్విడ్‌ను చూడండి. చేతులకు హాని చేయకూడదు కనుక దాని పీహెచ్ సాధారణంగా 7కు దగ్గర్లోనే ఉంటుంది. పసుపు పచ్చగానే నిలుస్తుంది. కానీ దాన్ని తయారుచేసిందే పెనం మీద అంటుకున్న నూనెను వదిలించడానికి. పళ్లేనికి పట్టిన జిడ్డుకూ, డబ్బులు పోసి పూయించిన మైనంలోని నూనెకూ తేడా దానికి తెలియదు. చిక్కదనం కోసం చాలావాటిలో ఉప్పు కూడా కలుపుతారు. గిన్నెల సబ్బు బిళ్ల సంగతి ఇంకా అన్యాయం, అందులో రాతిపొడి ఉంటుంది. అంటే ఎర్రబడితే సబ్బు చెడ్డదని గట్టిగా చెప్పొచ్చు, ఎర్రబడకపోతే మంచిదని మాత్రం చెప్పలేం.

కుంకుడుకాయ రసం మాటేమిటని అడిగే పెద్దవాళ్లుంటారు. ప్రశ్న మంచిదే. కుంకుడులోని సాపోనిన్లు నురగ ఇస్తాయి, రసం కొద్దిగా పులుపు వైపే ఉంటుంది, పసుపు చెక్కుచెదరదు. మైనానికి హాని తక్కువే. కానీ రసాన్ని బాగా వడగట్టకపోతే తొక్కల పిప్పి రంగు మీద గీతలు పెడుతుంది. పైగా కారు షాంపూలో చేర్చే జారుడు పదార్థాలు అందులో ఉండవు. తలంటుకు దానికి సాటి లేదు, కారుకు అంత సిఫార్సు చేయలేం. రోడ్డు పక్క వాటర్ సర్వీసింగ్ కేంద్రాల్లో కొన్నిచోట్ల చివర్లో డీజిలో కిరోసినో కలిపిన నీటిని చల్లి మెరుపు తెప్పిస్తారు. అది మాత్రం మైనాన్ని నేరుగా కరిగిస్తుంది. ఆ మెరుపు దుమ్ము పట్టేదాకే.

సబ్బు మైనాన్ని తీసేసిందో లేదో కనిపెట్టడానికి జనం చూసే గుర్తు నీటిబొట్టు. తామరాకు మీద నిలిచినట్టు నిలిస్తే పూత ఉందని, పరుచుకుపోతే పోయిందని. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. నీటికి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. సబ్బు కలిస్తే అది 30 దగ్గరికి పడిపోతుంది. సరిగా కడగని సబ్బు పలచటి పొరగా మిగిలినా చాలు, కింద మైనం భద్రంగా ఉన్నా నీళ్లు పరుచుకుపోతాయి. మంచినీళ్లతో మళ్లీ రెండుసార్లు కడిగితే బొట్లు తిరిగి గుండ్రంగా నిలుస్తాయి. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. వ్యాక్స్ కలిపిన షాంపూలు తామే ఒక పొర వదిలి, అడుగున అసలు పూత పోయినా బొట్లను నిలబెడతాయి. అలాంటి షాంపూతో కడిగి పాత పూత బాగుందని సంబరపడితే ప్రయోజనం లేదు.

శ్రీకూర్మం వైపు వెళ్లే కారుకు సబ్బు కన్నా ముందు ఆలోచించాల్సింది ఇసుక గురించి. ఇక్కడి నుంచి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దాకా తీరం ఇసుకలో గార్నెట్, ఇల్మెనైట్, సిల్లిమనైట్ ఖనిజాలు దండిగా ఉన్నాయి. తూర్పు కనుమల్లోని ఖోండలైట్ శిలలు యుగాల తరబడి అరిగితే, ఆ రేణువులను నదులు మోసుకొచ్చి సముద్రానికి అప్పగించాయి, అలలు తీరానికి చేర్చాయి. గార్నెట్ కాఠిన్యం మో కొలమానంలో 6.5 నుంచి 7.5. గరుకు కాగితం తయారీకి, నీటి ధారతో ఉక్కును కోసే యంత్రాల్లోకి వాడేది ఈ ఖనిజాన్నే. కారు రంగు మీద ఉండే క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పలచన. గుడి చూసుకుని బీచ్‌లో కాసేపు ఆగి వచ్చిన కారును పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో తుడవడమే. ఇది పోలిక కాదు, పదార్థం ఒకటే.

అందుకే షాంపూకు నురగ కన్నా జారుడు ముఖ్యం. వేళ్ల మధ్య రాస్తే జారాలి. ముందు ఒట్టి నీటి ధారతో ఇసుకను దింపి, ఆ తర్వాత పైనుంచి కిందికి, మెత్తటి మైక్రోఫైబర్ తొడుగుతో తుడవాలి. తొడుగును జాడించడానికి వేరే బకెట్ కావాలి. ఎండలో కడిగితే నురగ కారు మీదే ఎండిపోయి మరకలు కడుతుంది, కనుక నీడ చూసుకోవాలి.

ఇక ఉప్పుగాలి. సముద్రపు తుంపర మోసుకొచ్చే మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరుగా మారుతుంది. దానితోపాటు వచ్చే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమే చాలు. తీరంలో అంత పొడిగాలి అరుదు కనుక కారుకు పట్టిన ఉప్పు దాదాపు ఎప్పుడూ తడిగానే ఉండి ఇనుమును తింటూ ఉంటుంది. అయితే తుప్పు మొదలయ్యేది మైనం పూసిన బానెట్ మీద కాదు. రాయి తగిలి రంగు లేచిన చోట, అడుగున అతుకుల దగ్గర, చక్రాల పైన ఉండే గూళ్లలో. అక్కడికి మైనమూ చేరదు, ఖరీదైన షాంపూ కూడా చేసేదేమీ లేదు. బీచ్ నుంచి వచ్చిన రోజే అడుగుభాగానికి నీటి ధార పట్టడం మేలు. తీరపు ఊళ్లలో కొన్ని బోర్లలో ఉప్పునీరు పడుతుంది, ఆ నీటితో కడిగి వదిలేస్తే పోయిన ఉప్పు మళ్లీ వచ్చి చేరినట్టే. కనీసం చివరి రెండు బకెట్లయినా మంచినీళ్లు కావాలి. తలుపుల అడుగు అంచున నీరు బయటికి పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి. వాటిలో ఇసుక ఇరుక్కుంటే నీరు లోపలే నిలిచి తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. కడగడం అయ్యాక ఒక పుల్లతో వాటిలోని ఇసుకను తీసి చూసుకోవాలి.